నా బిడ్డకు జడలు వేసింది ఎవరు

మా ఇంట్ల ఎవరన్న దయ్యాల మాట ఎత్తితే మా నాయిన చెప్పులేసుకొని దుకాణానికి పోయేటోడు. అసొంటి ఇంట్ల పెరిగిన నేను. బీయెస్సీ చదివిన, పదకొండేండ్లు పిల్లలకు సైన్సు చెప్పిన. ఎవరికన్న గాలి సోకిందంటే ముందుగాల థర్మామీటర్ పెట్టి చూడుమనేదాన్ని. ఇయ్యాలటికి కూడ నేను నమ్ముత అని చెప్పుకోను. జరిగింది జరిగినట్టు రాస్తున్న. పేర్లు ఒక్కటే మార్చిన.

మాది రాయచూరు. బజారుల మాకు గిన్నెల దుకాణం ఉండేది. తాత కాలంల ఇత్తడి, నాయిన కాలంల స్టీలు. ఇంట్ల తెలుగు, వీధిల కన్నడ, గిరాకీలతోని ఉర్దూ. మేము ఇద్దరం ఆడపిల్లలమే. నేను సరళ, పెద్దదాన్ని. సుమిత్ర నాకంటె ఏడేండ్లు చిన్నది.

మా ఆయన పవర్ ప్లాంటుల బాయిలర్ సెక్షన్ల చేసేటోడు. దేవసూగూరు పక్కన కాలనీల మాకు క్వార్టర్ ఇచ్చిండ్రు. నాది రాయచూరు బడిల నౌకరి. పొద్దున ఏడున్నర బస్సుకు పోతే మళ్ల ఇంట్ల కాలు పెట్టేసరికి సాయంత్రం అయ్యేది. అను పుట్టిన నాలుగో నెలల నేను బడికి పోవాల్సి వచ్చింది. అప్పుడు బిడ్డను చూసుకోనికి సుమిత్ర మా క్వార్టర్ కు వచ్చింది. ఆరు నెలలు ఉంట అని వచ్చింది. ఆరేండ్లు ఉన్నది.

అను మొదటి అడుగులు వేసింది సుమిత్ర ముందల. మొదటి పన్ను ఊడింది సుమిత్ర చేతిల. చిన్నమ్మ అనమంటె నోరు తిరగక 'చిమ్మ' అనేది, ఆ పేరే నిలిచిపోయింది. సంబంధాలు వస్తే సుమిత్ర, అను బడికి పోయేదాక ఆగుదాం అనేది. బడికి పోవుడు షురువైనంక, ఒకటో తరగతి కానీ అన్నది. మేము కూడ గట్టిగ చెప్పలేదు. మాకు అవసరం ఉండె కద.

అనుకు వెంట్రుకలు బాగ ఒత్తు. దేవసూగూరు గుడిల పుట్టెంట్రుకలు తీయించినంక సుమిత్ర మళ్ల కత్తెర తగలనియ్యలేదు. పిల్ల నెత్తి ఎనకల పెద్ద సుడి ఉన్నది. మనం నడిమిట్ల పాపిడి తీసుకుంట వస్తే సుడి కాడికి రాంగనే వెంట్రుకలు జారి పాపిడి చెదిరిపోతది. నాకు ఎన్నడు కుదరలేదు. సుమిత్ర దువ్వెనను నీళ్లల్ల ముంచి, పాపిడిని సుడి దాక తెచ్చి, ఎడమ దిక్కు నుంచి సుడిని చుట్టి, మళ్ల నడిమికి తెచ్చి మెడ దాక దించేది. ఎనక నుంచి చూస్తే చిన్న కొంకి లెక్క కనపడేది. అటెనక రెండు జడలు అల్లి, కొసలు పైకి మడిచి కట్టేది. సాయంత్రం దాక ఒక్క పోగు ఊడేది కాదు. కాలనీల అందరు పిల్లలు ఆడి వచ్చేసరికి పిచ్చుక గూడు నెత్తితోని వచ్చేటోళ్లు, అను ఒక్కతే బడికి పోయినట్టే తిరిగి వచ్చేది.

నిజం చెప్పాలంటే నాకు కండ్లమంట ఉండేది. నేను బస్సు దిగి ఇంటికి వస్తే పిల్ల ఒకసారి నా దిక్కు చూసి మళ్ల చిమ్మ దిక్కు తిరిగేది. జ్వరమొస్తే చిమ్మ కావాలె. భయమైతే చిమ్మ కావాలె. అప్పుడు నేను ఈ సంగతి ఎవరికి చెప్పలేదు, నాకు నేను కూడ చెప్పుకోలేదు.

అను ఒకటో తరగతిల ఉండంగ మా ఆయనకు మస్కట్ దిక్కున ఒక కరెంటు ప్లాంటుల నౌకరి వచ్చింది. ఫ్యామిలీని తీసుకపోవచ్చు అన్నరు. నాకు లోపల ఒక ఆశ కలిగింది. అక్కడ మేము ముగ్గురమే ఉంటం. నేను నౌకరి చెయ్యను. నా బిడ్డ నాకు దొరుకుతది.

పోయే ముందల సుమిత్ర రెండు మూడు సార్లు నన్ను పక్కన కూసోబెట్టి ఆ సుడి చుట్టు పాపిడి ఎట్ల తియ్యాల్నో చూపియ్యబోయింది. సామాన్లు కట్టే తొందరల ఉన్న నేను, "అక్కడ పోంగనే కత్తిరిస్త తియ్యి, ఎవనికి తీరుతది" అన్న. ఆమె మళ్ల ఆ మాట ఎత్తలేదు. మేము పోయినంక క్వార్టర్ ఖాళీ చేసి, రాయచూరుల అమ్మ నాయిన కాడికి పోయింది.

మస్కట్ల మా బతుకు కొత్తగ మొదలైంది. రెండో అంతస్తుల రెండు గదుల ఇల్లు. వారం అక్కడ శనివారం నుంచి లెక్క, సెలవు శుక్రవారం. మా ఆయనను తీసుకపోను ఐదుంబావుకే బండి వచ్చేది. ఆరుంబావుకు అను బడి వ్యాను. ఆ కొద్దిసేపట్ల పిల్లను లేపి, తానం చేయించి, తినిపించి, పెద్ద వెంట్రుకలు దువ్వాలె. నేను అన్నీ ఒక్క కాడికి తీసి రబ్బరు బ్యాండు వేసి పంపేదాన్ని. వ్యాను ఎక్కేలోపే సగం ఊడిపోయేవి.

అనుకు అక్కడ ఏదీ సయించలేదు. జొన్నరొట్టె కావాలనేది. జొన్నపిండి దొరికేది కాదు, దుకాణంల కొన్న ఖుబ్బూస్ రొట్టె పెడితే అంచులు పీకి పక్కన పెట్టేది. మా క్వార్టర్ల రాత్రి పగలు ప్లాంటు చప్పుడు వినపడుతుండేది. ఇక్కడ ఏసీ చప్పుడుకు నిద్ర రాదనేది. తీగె మీద ఆరేసిన బట్టలు దులిపి, "అమ్మా, బూడిద లేదు" అనేది. కాలనీల చిమ్నీ బూడిద పడుతుందని మేము తిట్టుకునేటోళ్లం. పిల్లకు అది కూడ యాదికొచ్చేది.

గడియారం చూసుడు అక్కడనే నేర్చుకున్నది. రాయచూరుల మనకంటె గంటన్నర ముందు అని ఒకసారి చెప్పిన. అప్పటి నుంచి రోజు లెక్క చేసేది. "ఇప్పుడు మనకు రెండు. చిమ్మకు మూడున్నర. చిమ్మ ఇప్పుడు ఏం చేస్తుంటది?" నేను పండుకున్నదేమో అనేదాన్ని. "చిమ్మ పగలు పండుకోదు" అనేది.

శుక్రవారం శుక్రవారం నాయిన దుకాణానికి ఫోను చేసేటోళ్లం. ఆ టైముకు సుమిత్ర వచ్చి దుకాణంల కూసునేది. అను ఫోను పట్టుకుంటే విడిచేది కాదు. పెట్టినంక మొదలయ్యేది ఏడుపు. ఆ రోజు తినేది కాదు, తెల్లారి తినేది కాదు. బడిల కూడ మాట్లాడేది కాదట. టీచరు నన్ను పిలిపించి, ఇంట్ల ఏమన్న గొడవ ఉన్నదా అని అడిగింది. నాకు సిగ్గైంది.

మేము పోయి మూడో నెల. ఒక శుక్రవారం పిల్లను మా ఆయనతోని బయటికి పంపి నేను ఒక్కదాన్నే ఫోను చేసిన. సుమిత్రనే ఎత్తింది.

"సుమీ, నీకొకటి చెప్పాలె. అను మరుస్తలేదు. నీతోని మాట్లాడినప్పుడల్లా మళ్ల మొదటికొస్తున్నది. కొన్ని దినాలు నువ్వు మాట్లాడకు."

అటు దిక్కు గిన్నెల చప్పుడు వినపడ్డది. ఎవరో గిరాకీ చెంబులు చూస్తున్నట్టున్నరు.

"ఎన్ని దినాలక్కా?"

"రెండు నెలలు. ఇక్కడ అలవాటు కావద్దా దానికి?"

"సరే అక్కా. కావాలె కద. నేను మంచిగున్న అని మాత్రం చెప్పు."

నా చెల్లెలితోని నేను మాట్లాడిన ఆఖరు మాటలు అవి.

ఆ తరువాత రెండు మూడు వారాలు అను అడిగి అడిగి ఊకున్నది. తిండి కొంచెం మేలైంది. నేను చేసింది మంచిదే అనుకున్న. మా ఆయనతోని అన్న కూడ, చూసినవా, పిల్లలు ఎంత జల్ది మరుస్తరో అని.

ఇగ అసలు సంగతి.

అక్కడ ఎండకు పగటి పూట ఊరంతా మూసుకుంటది. అను ఒకటి ముప్పావుకు వచ్చేది. తిన్నంక రెండుంబావుకు ముందు తలుపుకు గొండ్లెం పెట్టి, నేను ఒక గదిల, అది ఇంకో గదిల పండుకునేటోళ్లం. నాలుగింటికి లేచేటోళ్లం. మా ఆయన వచ్చేసరికి ఐదున్నర.

ఒక శనివారం నాలుగింటికి లేచి అనును లేపుదామని పోయిన. పిల్ల బోర్లా పండుకొని ఉన్నది. నెత్తికి రెండు జడలు. కొసలు మడిచి, వంటింట్ల మేకుకు నేను తగిలిచ్చే రబ్బరు బ్యాండ్లతోని కట్టి ఉన్నయి.

నేను మొదలు ఏమీ అనుకోలేదు. బడిల ఎవరో వేసిండ్రనుకున్న. వంటింట్లకు పోయి చాయ్ పెడుతుంటే యాదికొచ్చింది. బడి నుంచి వచ్చినప్పుడు వెంట్రుకలు మొకం మీద పడుతుంటే నేనే కదా ఎనక్కి తోసి అన్నం పెట్టింది.

వచ్చి మళ్ల చూసిన. పాపిడి సుడి కాడికి వచ్చి, ఎడమ దిక్కు నుంచి చుట్టి, నడిమికి దిగింది. చెయ్యి పెట్టి చూస్తే వెంట్రుకలు తడిగ ఉన్నయి.

లేపి అడిగిన. "ఎవరు వేసిండ్రే జడలు?"

కండ్లు నలుపుకుంట, "చిమ్మ" అన్నది.

కల కన్నదేమో అనుకున్న. కాని కల జడలు వెయ్యదు కద. ఆరేండ్ల పిల్ల తన నెత్తి ఎనక తను అసొంటి పాపిడి తీసుకోలేదు. అయినా దాన్నే అనుమానించిన. ఇంకెవరు ఉన్నరు ఇంట్ల?

తెల్లారి అట్లనే. మూడో రోజు అట్లనే. మూడో రోజు నాకు కోపమొచ్చింది. తలుపు తీసి ఎవరినన్న లోపలికి రానిస్తున్నవా అని గట్టిగ అడిగిన. పక్క ఇంట్ల మంగళూరామె ఉండేది. ఆమెనేమో అని పోయి కన్నడంల అడిగిన. ఆమె ఆ వేళకు నౌకరి మీద ఉంటదట, నాలుగున్నర దాక రాదట. తలుపు గొండ్లెం పిల్లకు అందదు, కుర్చీ వేసుకోవాలె. కుర్చీలన్ని ఉన్న కాడనే ఉండేవి. నేను దూది తెచ్చి గొండ్లెం సందుల పెట్టిన. లేచినంక చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉన్నది. పిల్ల నెత్తికి జడలు ఉన్నయి.

మా ఆయనకు చెప్పిన. ఆయన కూడ నా లెక్కనే, దేన్నీ ఊరికె నమ్మడు. బాగ ఆలోచించి, "నిద్రల లేచి నువ్వే వేస్తున్నవేమో. నీ మనసుల అదే తిరుగుతున్నది కద" అన్నడు. కావచ్చు అనుకున్న. అట్ల నిద్రల లేచి పనులు చేసేటోళ్ల గురించి నేనూ చదివిన. కాని ఒక్కటి. మెలకువల ఉండి ఎన్నిసార్లు చేసినా నాకు ఆ పాపిడి కుదరలేదు.

అను మాత్రం ఆ దినాలల్ల మారింది. పెట్టింది తిన్నది. బడిల పాట పాడిందని టీచరు చెప్పి పంపింది. పగటి నిద్రకు నేను చెప్పకముందే పోయి పండుకునేది. నాకు అది చూసి సంతోషం కావాలె. లోపల భయం, భయం కింద ఇంకొకటి. ఇంత దూరం వచ్చినా మళ్ల చిమ్మనేనా అని.

తొమ్మిదో రోజు ఆదివారం. ఆ రోజు నేను పండుకోలేదు. అను మంచం పక్కన కుర్చీ వేసుకొని కూసున్న. పిల్ల గోడ దిక్కు తిరిగి పండుకున్నది. వెంట్రుకలు దిండు మీద పరిచినట్టున్నయి. రెండున్నర అయింది, మూడు అయింది. ఏమీ లేదు. ఏసీ చప్పుడొక్కటే.

మూడు దాటినంక ముందు తలుపు కొట్టిండ్రు. నీళ్ల ట్యాంకరాయన. కింద ట్యాంకు మూత తాళం చెవి మా ఇంట్ల ఉండేది. ఇచ్చి వచ్చిన. ఐదు నిమిషాలు కూడ పట్టలేదు. తలుపు ముందల్నే నిలబడ్డ, నన్ను దాటి ఎవరు లోపలికి పోలేదు.

గదిలకు వచ్చేసరికి అనుకు ఒక్క జడ ఉన్నది.

పాపిడి తీసి ఉన్నది. ఎడమ దిక్కు జడ అల్లి, మడిచి, కట్టి ఉన్నది. కుడి దిక్కు వెంట్రుకలు మూడు పాయలు చేసి, రెండు పేటలు అల్లి, అక్కడికి విడిచిపెట్టినట్టున్నది. నేను చూస్తుండంగనే ఆ పేటలు మెల్లగ ఊడిపోయినయి.

నేను అరవలేదు. మంచం అంచు మీద కూసున్న. ఎంతసేపు కూసున్ననో తెలువదు. అటెనక ఎందుకో చెయ్యి పెట్టి, మిగిలిన జడ నేను అల్లిన. అది వంకర పోయింది.

అను లేచి రెండు జడలు తడుముకున్నది. కుడి జడ పట్టుకొని, "ఇది నువ్వు వేసినవు" అన్నది. "చిమ్మ చెయ్యి ఎవరో పట్టుకున్నరు."

వెంటనే దుకాణానికి ఫోను చేసిన. శుక్రవారం కాకపోయినా చేసిన. నాయిన ఎత్తిండు.

"నాయినా, సుమి ఎట్లున్నది?"

"బాగున్నది."

"ఒకసారి పిలువు. నేను మాట్లాడాలె."

ఆయన, "నువ్వే కదమ్మా మాట్లాడొద్దంటివి. ఉండనీ. కొన్ని దినాలు కానీ" అన్నడు.

ఆయన చెప్పింది నా మాటనే. సుమిత్రకు నా మీద కోపం ఉన్నది, అందుకే వస్తలేదు అనుకొని ఫోను పెట్టేసిన.

ఇంకో రెండు రోజులు రెండు జడలు ఉన్నయి, సోమవారం, మంగళవారం. నేను మళ్ల కాపలా కూసోలేదు. ధైర్యం కాలేదు అంటే అబద్ధమే. నేను కూసుంటే ఆమె రాదేమో అనిపించింది.

బుధవారం అను లేచి వచ్చేసరికి వెంట్రుకలు విరబోసుకొని ఉన్నది. ఏడుస్తలేదు. నా ముందల వచ్చి ఎనక్కి తిరిగి కూసున్నది. "రేపటి నుంచి అమ్మ వేస్తదని చెప్పింది" అన్నది.

సాయంత్రం ఆరింటికి ఫోను వచ్చింది. నాయిన మాట్లాడలేకపోయిండు. పక్క దుకాణమాయన ఫోను తీసుకొని చెప్పిండు. సుమిత్ర మధ్యాహ్నం పోయింది. పన్నెండు దినాల నుంచి దవాఖానల ఉన్నది. మెదడుకు ఎక్కిన జ్వరం. తెచ్చిన తెల్లారే తెలివి తప్పింది, మళ్ల రాలేదు.

మాకు చెప్పొద్దని నాయిననే అన్నడట. అల్లుడు చేరి నాలుగు నెలలన్న కాలేదు, సెలవు దొరకదు, పిల్లకు ఇప్పుడిప్పుడే అలవాటైతున్నది, సుమి లేచి కూసున్నంక చెప్దాం అని. శుక్రవారం ఫోన్లల్ల సుమిత్ర గొంతు వినపడకపోతే నాకు అనుమానం రావాలె కద. రాలేదు. ఎందుకంటె ఆమెను మాట్లాడొద్దన్నది నేనే.

నేనూ అనూ బొంబాయి దాక విమానంల, అక్కడి నుంచి రైల్ల రాయచూరు చేరినం. అప్పటికే అంతా అయిపోయి మూడు దినాలు. ఇంట్ల సుమిత్ర బట్టలు దండెం మీద అట్లనే ఉన్నయి. అను ఇల్లంతా తిరిగి చూసింది కాని, చిమ్మ ఏదని ఒక్కసారి కూడ అడగలేదు.

నేను జడల సంగతి అమ్మకు చెప్పలేదు. ఆమె ఉన్న స్థితిల ఏం చెప్తం? ఐదో రోజు పగటి పూట వంటింటి గడప కాడ ఇద్దరం కూసున్నం. అమ్మనే మెల్లగ చెప్పుడు షురు చేసింది.

"తెలివి లేదు కాని చేతులు మాత్రం ఊకుండేవి కాదు. రోజు నాలుగు, నాలుగున్నర అయితే చాలు, వేళ్లు కదిలేవి. డాక్టరును అడిగితే, ఈ జ్వరంల అట్లనే ఉంటది అన్నడు. నేను పూలు అల్లుతున్నదేమో అనుకున్న."

"ఎట్ల కదిలేవమ్మా?"

అమ్మ రెండు చేతులు ముందుకు చాపి చూపింది. కుడి వేళ్లు మీదికి, ఎడమ వేళ్లు మీదికి, కిందికి గుంజుడు. కుడి, ఎడమ, గుంజుడు. పూలు అల్లితే దారం చుట్టి ముడి వేస్తరు. అమ్మ చేతులల్ల ముడి లేదు.

అమ్మ చెప్పుకుంట పోయింది. "ఒక రోజైతే పాపం, సగంల ఆపేసిండ్రు. చేతులు ఊపి ఊపి సెలైన్ సూది ఊడుతున్నదని నర్సమ్మ వచ్చి చెయ్యి పట్టుకొని మంచం పట్టెకు గుడ్డతోని కట్టింది. ఎంత గింజుకున్నదో. రాత్రికి నేనే బతిమాలి విప్పించిన."

"ఏ రోజమ్మా?"

అమ్మ వేళ్ల మీద లెక్క పెట్టింది. "నేను తెల్లారి దేవసూగూరుల మన సూగప్ప గుడికి పోయి వచ్చిన. అది సోమవారం. అయితే ఆదివారం."

"ఎంతైతుండె టైము?"

"నాలుగున్నర దాటింది. నేను చాయ్ తెచ్చుకునే టైము."

అక్కడ నాలుగున్నర దాటిందంటే మస్కట్ల మూడు దాటింది. ఈ లెక్క నా బిడ్డ నాకు రోజు చెప్పేది.

నేను లేచి బాత్రూంలకు పోయి తలుపు వేసుకున్న.

మేము మస్కట్ల ఎనిమిదేండ్లు ఉన్నం. నేను ఆ సుడి చుట్టు పాపిడి తీసుడు నేర్చుకున్న. ఎవరు నేర్పలేదు, రోజు తప్పుకుంట తప్పుకుంట నేర్చుకున్న. ఇన్నేండ్లల్ల ఈ సంగతి మా ఆయనకు తప్ప ఎవరికి చెప్పలేదు. ఆయన ఇప్పటికి కూడ, నువ్వే నిద్రల వేసినవు, అమ్మ చెప్పింది యాదృచ్ఛికం అంటడు. ఆయన అనేది తప్పు అని నేను నిరూపించలేను. అమ్మ లేదు, నాయిన లేడు. ఆ నర్సమ్మ ఎవరో నాకు తెలువదు.

పోయినేడు అనుకు బిడ్డ పుట్టింది. బెంగళూరుల వాళ్లింట్ల నేను ఆరు నెలలు ఉన్న. ఒకరోజు పిల్లకు పాలు పట్టుకుంట అను అన్నది, "అమ్మా, మస్కట్ సంగతులు నాకు ఎక్కువ యాదిలేవు. కాని ఒక్కటి బాగ యాదున్నది. పగలు నేను పండుకుంటే నువ్వు మెల్లగ జడలు వేసేదానివి. నాకు సగం మెలకువ ఉండేది, కాని కండ్లు తెరిచేదాన్ని కాదు. తెరిస్తే నువ్వు ఆపుతవని. నాకు నా చిన్నతనంల ఎక్కువ ఇష్టమైంది అదే."

సుమిత్ర పేరు దానికి తెలుసు. నా చెల్లెలని, చిన్న వయసుల పోయిందని తెలుసు. మొకం యాదిలేదు. గొంతు యాదిలేదు. చిమ్మ అనే మాట కూడ యాదిలేదు. ఆరేండ్లు పెంచిన మనిషివి దాని దగ్గర మిగిలినవి ఆ చేతులొక్కటే, అవి కూడ నావి అనుకుంటున్నది.

నేను అవును అన్న.

ఎందుకన్ననో తెలువదు. బాలింత ముందల ఇదంతా ఎందుకని కావచ్చు. లేకపోతే ఎప్పటి బుద్ధే కావచ్చు. ఆ రాత్రి నుంచి నాకు సరిగ నిద్ర లేదు. అను ఇది చదువుతదనే రాస్తున్న. ఆ చేతులు నావి కావు బిడ్డా. తలుపు గొండ్లెం పెట్టిన ఇంట్ల, సముద్రం అవతల, ఆ పదకొండు రోజులు నీ నెత్తి మీద చెయ్యి పెట్టింది ఎవరంటే, అది ఎట్ల అయితదంటే, నాకు ఇయ్యాలటికి తెలువదు. నేను కాదని మాత్రం నాకు తెలుసు.